చెన్నై నుంచి శని, ఆదివారాల్లో నీలగిరి పర్వత రైలు: మేట్టుపాళయం నుంచి ఎక్కాలా, కూనూర్ నుంచి ఊటీ వరకు చాలా?

ప్రశ్న: విల్లివాక్కం నివాసి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు రైల్వేలో పట్టాల నిర్వహణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. పాకాల–ధర్మవరం మార్గం మీటర్‌గేజ్‌గా (రెండు పట్టాల మధ్య ఒక మీటరు ఎడంతో) ఉన్న కాలంలో ఆయన ఉద్యోగం చాలా వరకు అక్కడే గడిచింది. ప్రస్తుతం చెన్నైలో మాతోనే ఉంటున్నారు. మీటర్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ నడిచే నీలగిరి రైలును ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. నాకు శని, ఆదివారాలు తప్ప సెలవు దొరకదు కాబట్టి శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం ఉదయానికి తిరిగి రావాలి. ఇది సాధ్యమేనా? ఆయనకు డెబ్బై ఏళ్లు దాటినందువల్ల మేట్టుపాళయం నుంచి పూర్తి ప్రయాణం చేయించడం మంచిదా, లేక బంధువులు చెప్పినట్లు కూనూర్ నుంచి ఊటీ వరకు మాత్రం ఎక్కిస్తే సరిపోతుందా? దీపావళి తర్వాత వెళ్లాలని అనుకుంటున్నాము.

నాన్నగారి సందేహం కూడా ఒకటి ఉంది. నిటారు వాలులో ఇంజన్ పట్టు కోసం పట్టాల మధ్య వేసే పళ్ల కడ్డీ మొదలయ్యే చోట ఇంజన్ పళ్ల చక్రం సరిగ్గా పన్ను మీద పన్ను పడేలా వస్తే ఏమవుతుందని అడుగుతున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: మాంబలం ప్రయాణికుడు

రెండు రోజుల్లో నిశ్చింతగా వెళ్లి రావచ్చు. సెంట్రల్ స్టేషన్ నుంచి రాత్రి తొమ్మిది దాటాక బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ మరునాటి ఉదయం ఆరు దాటేసరికి మేట్టుపాళయం చేరుతుంది. అదే స్టేషన్ నుంచి ఏడు దాటాక కొండ రైలు బయలుదేరి మధ్యాహ్నానికి ఊటీ చేరుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఊటీలో తిరుగు రైలు ఎక్కితే సాయంత్రం మేట్టుపాళయంలో దిగి, రాత్రి అక్కడి నుంచే నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో సోమవారం ఉదయానికి చెన్నై చేరుకుంటారు. సమయాలు మారుతూ ఉంటాయి గనుక టికెట్టు తీసుకునే రోజున మరొకసారి సరిచూసుకోండి.

అసలు కష్టం టికెట్లదే. సీట్లు చాలా తక్కువ. ముందస్తు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజు ఉదయమే కొండ రైలు టికెట్టు తీసుకొని, అది ఖాయమైన తర్వాతే మిగతా ఏర్పాట్లు చేసుకోండి. దిగేటప్పటి టికెట్టు దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు, ఊటీ నుంచి ఘాట్ రోడ్డులో బస్సులున్నాయి. ఎక్కేటప్పటి ప్రయాణాన్ని మాత్రం వదులుకోకండి.

దీపావళి తర్వాత అన్నారు, ఆ ఆలోచన మానుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలకు మేట్టుపాళయం తర్వాత వచ్చే కల్లార్ స్టేషన్‌కూ కూనూర్‌కూ మధ్య కొండచరియలు విరిగి పట్టాల మీద పడుతుంటాయి, రైలు రోజుల తరబడి రద్దవుతుంది. పెద్దాయనను మేట్టుపాళయం దాకా తీసుకెళ్లి వెనక్కి తీసుకురావలసి వస్తే ఆయన మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. సంక్రాంతి సెలవుల రద్దీ తగ్గాక, జనవరి చివర నుంచి మార్చి లోపు వెళ్లడం ఉత్తమం. చలి మాత్రం గట్టిగానే ఉంటుంది.

సమాధానం: ఆవడి గృహిణి

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల మేము కూనూర్ నుంచి ఊటీ వరకే వెళ్లాము. గంటకు పైగా సాగే ఆ ప్రయాణం కూడా చాలా అందంగా ఉంటుంది. వెల్లింగ్టన్, అరువంకాడు, కేట్టి, లవ్‌డేల్ స్టేషన్ల మీదుగా తేయాకు తోటలు, యూకలిప్టస్ చెట్ల మధ్య వెళ్తుంది. మేట్టుపాళయం నుంచి అయితే దాదాపు ఐదు గంటలు ఇరుకు సీట్లలో కూర్చోవాలి, పైగా బోగీల్లో మరుగుదొడ్లు ఉండవు. డెబ్బై దాటినవారి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఆయన ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించుకోండి.

సమాధానం: మీటర్‌గేజ్ అభిమాని

పై సోదరి చెప్పిన ఇబ్బందులు నిజమే. అయినా మీ నాన్నగారి విషయంలో నా అభిప్రాయం వేరు. కూనూర్–ఊటీ మధ్య నడిపేది మామూలుగా డీజిల్ ఇంజన్, అక్కడ పళ్ల కడ్డీ ఉండదు. ఈ రైలు మార్గానికి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కడానికి ముఖ్య కారణమైన భాగమంతా కల్లార్ నుంచి కూనూర్ వరకు ఉంది. జీవితమంతా పట్టాలతో గడిపిన మనిషికి ఆ భాగాన్ని చూపించకుండా ఊటీ తీసుకెళ్లడం, తిరుపతి వెళ్లి కొండ ఎక్కకుండా తిరిగి రావడంలాంటిది.

అక్కడ వాలు ప్రతి 12 అడుగుల దూరానికి సుమారు ఒక అడుగు ఎత్తు చొప్పున ఉంటుంది. మేట్టుపాళయం సముద్ర మట్టానికి 326 మీటర్ల ఎత్తులోనూ, ఊటీ 2,203 మీటర్ల ఎత్తులోనూ ఉన్నాయి. 46 కిలోమీటర్ల లోపే అంత ఎత్తు ఎక్కాలి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి ఉండే పట్టు ఒక్కటే ఆ వాలుకు చాలదు. అందుకే స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ రూపొందించిన పద్ధతిలో, రెండు పట్టాల మధ్య రెండు పళ్ల కడ్డీలను పక్కపక్కనే బిగించారు. ఒక కడ్డీలోని పన్నుకు ఎదురుగా రెండో కడ్డీలో ఖాళీ వచ్చేలా అమర్చడం ఇందులోని నేర్పు. ఇంజన్ కింది పళ్ల చక్రాలలో ఏదో ఒక పన్ను ఎప్పుడూ కడ్డీని పట్టుకొనే ఉంటుంది, పట్టు విడిచే క్షణమే రాదు.

మీ నాన్నగారి ప్రశ్న అనుభవం ఉన్నవారు మాత్రమే అడగగలిగినది. పళ్ల కడ్డీ మొదలయ్యే చోట మొదటి ముక్కను గట్టిగా బిగించరు, స్ప్రింగుల మీద నిలబెడతారు. డ్రైవరు వేగం బాగా తగ్గించి దాని మీదికి వస్తాడు. పన్ను మీద పన్ను పడినా ఆ ముక్క కిందికి అణిగి, చక్రం మరికాస్త తిరిగి పళ్లు ఖాళీల్లో కుదురుకోగానే పైకి లేచి పట్టుకుంటుంది. ఆ తర్వాత వచ్చే అసలు కడ్డీ మీద వేగం గంటకు 13 కిలోమీటర్లు దాటదు.

ఇంజన్ గురించి కూడా ఆయనకు చెప్పండి. ఎక్స్ క్లాస్ అనే ఈ ఇంజన్లను మొదట స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారుచేశారు, ఆ తర్వాతి కాలంలో తిరుచ్చి పొన్మలై వర్క్‌షాప్‌లో కొత్తవి కట్టారు. వీటికి ఒకదానిపై ఒకటిగా రెండు జతల సిలిండర్లు ఉంటాయి. ఒక జత మామూలు చక్రాలను తిప్పుతుంది. అక్కడ ఒకసారి పనిచేసిన ఆవిరే రెండో జతలోకి వెళ్లి పళ్ల చక్రాలను తిప్పుతుంది. సమతల మార్గంలో రెండో జతతో పనిలేదు. స్టేషన్‌లో ఇంజన్ కోసం రైలు ముందువైపు వెతకవద్దు, కొండ ఎక్కేటప్పుడు అది వెనుక నుంచి తోస్తుంది. మధ్యలో లంకె తెగినా బోగీలు కిందికి జారిపోకుండా ఇంజనే అడ్డుగా నిలుస్తుంది. ప్రతి బోగీకీ ఒక బ్రేక్‌మ్యాన్ ఉంటాడు, డ్రైవరు వేసే కూతను బట్టి వారంతా బ్రేకులు వేస్తారు. ఇంత జాగ్రత్తగా మనుషుల చేతుల మీద నడిచే రైలు మన దేశంలో ఇంకా మిగిలి ఉండడమే నాకు గొప్పగా తోస్తుంది.

ఈ మార్గం 1899లో కూనూర్ వరకు, 1908లో ఊటీ వరకు తెరుచుకుంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం వేసవిలో ఊటీకి తరలివెళ్లేది. నెల్లూరు, గుంటూరు జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోనివే కాబట్టి మన పెద్దల కాగితాలూ ఆ కొండ ఎక్కే ఉంటాయి.

విల్లివాక్కం నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. స్ప్రింగుల వివరం చదివి వినిపించగానే నాన్నగారు కాగితం మీద బొమ్మ గీసి మా పిల్లలకు వివరించారు. ఫిబ్రవరిలో మేట్టుపాళయం నుంచే వెళ్తాము. ఐదు గంటలు కూర్చోవడం గురించి మాత్రం కొంచెం ఆందోళనగా ఉంది. దారిలో దిగే వీలుంటుందా?

సమాధానం: మాంబలం ప్రయాణికుడు

ఉంటుంది. ఇంజన్‌కు నీళ్లు పట్టడానికి రైలు ఆగే చోట్ల అందరూ దిగుతారు. దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో టీ, వడలు దొరుకుతాయి. కూనూర్‌లో ఇంజన్ మారుస్తారు గనుక అక్కడ మరికొంత సమయం ఉంటుంది, మరుగుదొడ్డికి వెళ్లి రావచ్చు. ఆవిరి ఇంజన్ల షెడ్డు కూడా కూనూర్‌లోనే ఉంది, నాన్నగారికి చూపించండి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు నిషేధం ఉంది కాబట్టి ఇంటి నుంచి స్టీలు సీసాలు తీసుకెళ్లండి. ఆయనకు స్వెట్టరు, చెవులకు మఫ్లరు పైసంచిలోనే ఉంచండి, కూనూర్ దాటగానే అవసరమవుతాయి.