చెల్లి తినడం లేదు, చుట్టాలేమో మెచ్చుకుంటున్నారు

కేఆర్‌పురం అక్క:
మాది అనంతపురం, పెళ్లయి బెంగళూరు వచ్చి ఆరేళ్లు. చెల్లికి 17, నా దగ్గరే ఉండి పీయూసీ చదువుతోంది. నిరుడు దసరా నుంచి తిండి తగ్గించేసింది. మొదట శనివారం ఒక్కపొద్దు అంది, తర్వాత సోమవారం, ఇప్పుడు గురువారం కూడా. మా అవ్వ ఫోన్లో "ఈ కాలంలో ఇంత భక్తి ఎవరికుందే" అని మురిసిపోతుంది. ఉగాదికి ఊరెళ్తే పెద్దమ్మ వాళ్లు "నాజూగ్గా తయారైంది, సంబంధాలు ఎగబడి వస్తాయి" అన్నారు. నేనేమో ఆ రాత్రి దాని భుజాల ఎముకలు చూసి నిద్రపోలేదు.

విచిత్రం ఏంటంటే వంట మాత్రం తనే చేస్తానంటుంది. ఆదివారం మాకందరికీ పెసరట్లు పోసి, అల్లం పచ్చడి చేసి, మేం తినేదాకా పక్కన నిలబడి చూస్తుంది. తన ప్లేటులో సగం అట్టు, దాన్ని గోరంత ముక్కలుగా తుంచి అరగంట అటూ ఇటూ జరుపుతుంది. ఏప్రిల్‌లో స్వెటర్ వేసుకుంటోంది. నెలసరి ఆగిపోయి నాలుగు నెలలైందట, అదీ మొన్న గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

అత్తమ్మ "మనమే తిండి పెట్టట్లేదనుకుంటారు నలుగురూ" అంటుంది. మా ఆయన పరీక్షల టెన్షన్ అంటాడు. అమ్మ దిష్టి తీయమంది, తీశాను కూడా. డాక్టరు మాటెత్తితే చెల్లి "నాకేం జబ్బు" అని ఏడుస్తుంది. నా దగ్గర పెట్టుకున్నందుకే ఇలా అయిందేమో అనిపిస్తోంది. ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

సంకటి ప్రియుడు:
ఈ వయసులో ఆడపిల్లలకి మామూలే అండీ. నాటుకోడి పులుసు, రాగి సంకటి ముందు పెట్టండి, అదే తింటుంది. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి.

వైట్‌ఫీల్డ్ నాన్న:
పైన రాసినాయనకి ఒక దండం. మా అమ్మాయి విషయంలో నేనూ ఇవే మాటలు చెప్పి ఏడాది పోగొట్టాను. దీన్ని అనోరెక్సియా అంటారమ్మా, లావైపోతామనే భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, అయితే అది చెప్పాల్సింది డాక్టరు. ముందు నీ తప్పేమో అనే మాట వదిలెయ్. మేం మొదట వెళ్లిన చోట "తల్లి ఉద్యోగస్తురాలా?" అని ఒక రకంగా అడిగారు, అంతే, మా ఆవిడ ఆరు నెలలు ఇంకో డాక్టరు గడప తొక్కలేదు. ఈ జబ్బుకి ఆ పేరు పెట్టిన లండన్ డాక్టరు విలియం గల్ కూడా 1874లో వచ్చిన వ్యాసంలో ఇలాంటి రోగుల దగ్గర ఉండటానికి చుట్టాలంత పనికిరానివాళ్లు లేరన్నట్టే రాశాడు. వందేళ్ల తర్వాత అదే లండన్‌లో మాడ్‌స్లీ ఆసుపత్రి వాళ్లు దాన్ని తిరగేశారు, 18 లోపు పిల్లలకి తిండి పెట్టే బాధ్యత ఇంటివాళ్ల చేతికే ఇచ్చారు.

మా ఇంట్లో చేసింది అదే, డాక్టరు చూస్తుండగానే. మూడు పూటలూ, మధ్యలో చిరుతిండికీ ఎవరో ఒకరం పక్కన కూర్చునేవాళ్లం. పొద్దున ఇడ్లీ డ్యూటీ నాది. బతిమాలడం లేదు, వాదించడం లేదు, "ఇదే నీ మందు" అని ప్లేటు పెట్టి టీవీలో కామెడీ సీన్లు వేసేవాణ్ని. ఒక సాయంత్రం అరటిపండుకి గంటన్నర పట్టింది. నేను అరిచాను ఆ రోజు, అబద్ధం చెప్పను.

చెన్నై పీజీ:
అక్కా, నాకు వచ్చింది ఈ జబ్బు, వేళచ్చేరిలో హాస్టల్లో ఉన్నప్పుడు. ఒక్కపొద్దు సంగతి చదివి ఉలిక్కిపడ్డాను, నేనూ అదే చేశా, దేవుడి పేరు చెప్తే ఎవరూ ఎదురు అడగరు. వంట పిచ్చి కూడా ఆకలి వల్లే. అమెరికాలో 1944-45లో 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి నెలల తరబడి తిండి తగ్గించి చూస్తే, వాళ్లూ వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారట. కాబట్టి పెసరట్లు పోస్తోంది కదా, బాగానే ఉందిలే అనుకోవద్దు. ఇంకోటి, అది తినడం మొదలుపెట్టాక "ఒళ్లు చేశావు, కళ వచ్చింది" అనే పిన్నులుంటారు, వాళ్ల నోరు ముందే కట్టెయ్. మా అత్త ఒక్క మాటతో నేను మూడు వారాలు వెనక్కెళ్లా.

డ్యూటీ డాక్టర్:
ఈ వారంలోనే చూపించండి. నాడి, బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూస్తారు. రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా ఎమర్జెన్సీకే. చాలాకాలం తినని మనిషికి ఒక్కసారిగా బోలెడు పెట్టకండి, ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది, నాటుకోడి సలహా అందుకే పనికిరాదు. బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, మానసిక జబ్బులకి కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి. వెళ్లేముందు మాట్లాడాలంటే 14416, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు. జబ్బు చూపించడానికి అని కాకుండా నీరసానికి, నెలసరికి అని చెప్పి తీసుకెళ్లండి, అది అబద్ధమేమీ కాదు.

కేఆర్‌పురం అక్క:
అందరికీ థాంక్స్. నెలసరి పేరు చెప్తే ఒప్పుకుంది, శుక్రవారం వెళ్తున్నాం. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించా, ఏమీ అనలేదు కానీ సెలవు పెట్టాడు. రేపు పొద్దున బస్సుకి అమ్మ వస్తోంది. అవ్వకి ఇంకా చెప్పలేదు, ఆవిడ ఈ గురువారం కూడా "ఈరోజు కూడా ఒక్కపొద్దేనా నా బంగారు" అని ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, చెల్లి నా వైపు చూసింది, నేను "లేదవ్వా, ఇవాళ తింటోంది" అన్నా. తిట్టుకుంటూనే నాలుగు ముద్దలు పెరుగన్నం తింది.