పంతొమ్మిది ఇచ్చి ఒకటి తెచ్చుకోవచ్చా?

ఖాళీగడి
నమస్కారం అందరికీ. నేను పోగేసేది మోర్గాన్ డాలర్లు. 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో అమెరికా టంకశాలలు కొట్టిన వెండి డాలర్లు. ఆల్బమ్‌లో సగానికి పైగా గళ్ళు నిండాయి, డూప్లికేట్లు విడిగా ఒక డబ్బాలో ఉన్నాయి. సరుకంతా మధ్యరకమే.

ఎన్నాళ్ళుగానో తెలిసిన ఒకాయన దగ్గర 1893 ఎస్ ఉంది. ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు. అక్కడ ఆ ఏడాది కొట్టినవి లక్షే. ఆయన డబ్బు వద్దంటున్నాడు. నా ఆల్బమ్, డబ్బా రెండూ తిరగేసి 19 ఏరుకున్నాడు. కార్సన్ సిటీ టంకశాలవి ఆరు, 1894 ఒకటి, 1895 ఎస్ ఒకటి, మిగతా పదకొండూ మామూలువే. అవిస్తే ఇది ఇస్తాడట. నాణ్యత తేల్చి సీలు వేసిన గ్రేడింగ్ హోల్డర్‌లో లేదు, విడి నాణెం. పంతొమ్మిది నాణేలు వదులుకుని ఒక గడి నింపుకోవడం తెలివైన పనేనా? రెండు వారాలుగా ఇదే ఆలోచన.

బొమ్మాబొరుసూ
కళ్ళు మూసుకుని ఇచ్చేయండి. ఆ పదకొండు మామూలువి ఎప్పుడు కావాలన్నా దొరుకుతాయి. 1921లో ఒక్క ఫిలడెల్ఫియాలోనే 4 కోట్ల 46 లక్షలకు పైగా కొట్టారు. 1881 ఎస్ కోటీ 27 లక్షలు, అందులోనూ అద్దంలా మెరిసేవి లెక్కలేనన్ని మిగిలాయి. వాటిని దాచుకోవడం సేకరణ కాదండీ, నిల్వ చేయడం. 1893 ఎస్ మాత్రం మీ గుమ్మం ముందుకు రెండోసారి రాదు.

పాతడబ్బీ
నేను నలభై ఏళ్ళుగా పోగేస్తున్నాను. అమ్మినందుకు బాధపడ్డ సందర్భాలు ఏకరువు పెట్టగలను. అమ్మనందుకు బాధపడింది ఒక్కటీ గుర్తు రావడం లేదు.

జాన్ జే పిట్‌మన్ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. కొడాక్‌లో కెమికల్ ఇంజనీరు, జీతం మీద బతికే మనిషి. 1954లో కైరోలో ఈజిప్టు మాజీ రాజు ఫరూక్ నాణేలు వేలానికి వస్తే, ఇంటి మీద రెండో అప్పు తీసుకుని మరీ వెళ్ళాడు. కొన్నవి కొన్నట్టే దాచాడు. ఆయన పోయాక 1997 నుంచి విడతలుగా వేలం వేస్తే మొత్తం 3 కోట్ల డాలర్లు దాటింది. అప్పుడప్పుడూ "ఇంకాస్త మంచిది దొరికింది" అనుకుంటూ మార్చుకుంటూ పోయి ఉంటే అంత మిగిలేదా?

బొమ్మాబొరుసూ
పాతడబ్బీ గారూ, పెద్దవారు, కాదనను. కానీ పిట్‌మన్ కొన్నవేమిటి? అరిగిన 1921లు కాదు కదా. ముందే ఏరి కొన్నాడు కాబట్టి అమ్మే అవసరం రాలేదు. మనవాళ్ళు మొదట్లో దొరికిందల్లా కొంటారు, కన్ను కుదిరేది తర్వాత. కన్ను కుదరకముందు కొన్నదాన్ని జీవితాంతం మోయాలా?

ఇంకోటి. లూయీ ఎలియాస్‌బర్గ్ కన్నా పెద్ద సేకర్త ఎవరు? 1950కల్లా అప్పటికి తెలిసిన అమెరికా నాణేల్లో ప్రతి తేదీ, ప్రతి టంకశాల గుర్తు సాధించాడు. 1942లో క్లాప్ కుటుంబం సేకరణను మొత్తంగా కొన్నాడు, రెండేసి ఉన్నచోట మంచిది ఉంచుకున్నాడు. మిగిలిన డూప్లికేట్లు 1947లో "హెచ్. ఆర్. లీ సేకరణ" అని వేరే పేరుతో వేలానికి వచ్చాయి. ఆయనే అమ్మగా లేనిది మనకెందుకు సంకోచం?

అరిగినఅంచు
వేరే పేరు పెట్టుకున్నాడంటే ఆయనకీ కాస్త సంకోచం ఉండే ఉంటుంది లెండి 🙂

కాసులపేరు
ఉంచడమా, వదలడమా అన్నది తర్వాత. ముందు ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో తరుగు ఎంత పోతుందో చూడండి.

నేనొకసారి ఎనిమిది నాణేలిచ్చి ఒకటి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి కాగితం మీద వేసుకుంటే అర్థమైంది. ఆయన తన నాణేనికి అమ్మకం ధర కట్టాడు, నా ఎనిమిదింటికీ కొనుగోలు ధర కట్టాడు. నోట్ల మాట రాలేదు కాబట్టి నాకు తట్టలేదు. డబ్బిచ్చి కొనుంటే అంతకన్నా చౌకగా వచ్చేది. అప్పట్నుంచి మార్పిడి అంటే రెండు ప్రశ్నలు అడుగుతా. "మీ నాణెం రొక్కానికైతే ఎంత?" "నావి రొక్కానికైతే ఎంతకు తీసుకుంటారు?" ఆ రెండు అంకెలూ నోటితో చెప్పడానికి ఇష్టపడని మనిషితో బేరం పెట్టుకోను.

అలాగని వేలంలో అమ్మితే తరుగు లేదనీ కాదు. చాలా వేలం సంస్థలు కొన్నవాడి దగ్గర పాటకు పైన ఐదోవంతు అటూఇటూగా వసూలు చేస్తాయి. అది మన జేబులోంచి కాదు అనిపిస్తుంది గానీ, కొనేవాడు దాన్ని తగ్గించుకునే పాట పాడతాడు.

పాతడబ్బీ
"అరుదైనది ఎప్పటికీ అరుదే" అన్న ధీమా కూడా వద్దు. "1903 ఓ" నాణెం కథ ఏమైంది? ఓ అంటే న్యూఆర్లీన్స్ గుర్తు. అక్కడ 44 లక్షలకు పైగా కొట్టారు. 1918 చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లు కరిగించినప్పుడు అవీ పోయాయనే అందరూ అనుకున్నారు. సిరీస్‌లోకెల్లా గొప్పదని దశాబ్దాల పాటు నెత్తిన పెట్టుకున్నారు. 1962 చివర్లో అమెరికా ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా) నిల్వల్లోంచి సంచులకు సంచులు బయటకొచ్చాయి. ధర కూలిపోయింది. ముందు సంవత్సరం తన దగ్గరున్నవన్నీ ఇచ్చి ఒక 1903 ఓ తెచ్చుకున్నవాడి మొహం ఊహించుకోండి.

బొమ్మాబొరుసూ
అది అరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఏ ఖజానాలో ఏ సంచులున్నాయి చెప్పండి?

భూతద్దం
తత్వం కాస్త పక్కన పెడదాం. ఖాళీగడి గారూ, ఆ నాణేన్ని మీరు లెన్సు కింద చూశారా? ఈ సిరీస్‌లో దొంగ నాణేలు ఎక్కువగా తయారయ్యేది 1893 ఎస్‌కే. మామూలు 1893కి ఎస్ అంటిస్తారు, లేదంటే 1898 ఎస్‌లో ఎనిమిదిని మూడుగా చెక్కుతారు.

అదృష్టం ఏమిటంటే అసలైనవన్నీ బొమ్మ వైపు ఒకే అచ్చుతో కొట్టినవి. కాబట్టి ఆ అచ్చు మచ్చ ప్రతిదాని మీదా ఉండాలి. తల మీది పట్టీలో లిబర్టీ అన్న అక్షరాలుంటాయి. అందులో టీ అక్షరం పై అడ్డగీతలో ఏటవాలుగా ఒక సన్నటి గీత కనిపిస్తుంది. గుంట పడిన గీత కాదు, ఉబ్బిన గీత. పది రెట్ల లెన్సు చాలు. దీపాన్ని పక్కనుంచి పడనివ్వండి, నాణేన్ని మెల్లగా తిప్పండి, ఒక కోణంలో తళుక్కుమంటుంది. ఆ గీత లేకపోతే మిగతా మాటలే అక్కర్లేదు. తర్వాత ఎస్ చుట్టూ అతుకు ఉందేమో చూడండి. బరువు 26.73 గ్రాములు ఉండాలి. అరిగింది కాబట్టి కొంచెం తగ్గుతుంది, పెరగడం మాత్రం జరగదు.

అలాగే ఆ పదకొండు "మామూలు" వాటి తేదీలు రాయండి. ఊరికే అడగడం లేదు.

ఖాళీగడి
నిన్న ఆయన దగ్గరికి లెన్సు తీసుకెళ్ళా. టీ మీద గీత ఉంది! కనిపించగానే చెయ్యి వణికింది. అతుకు లేదు, బరువు 26.4. అసలుదే.

కానీ ఇంకోటి కూడా కనిపించింది. చెంప మీద, ఆ ముందున్న ఖాళీలో సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలున. జుట్టు మడతలు సగం అరిగిపోయి ఉన్నాయి, అయినా నాణెం తెల్లగా ఉంది. అక్షరాల మొదట్లో మాత్రం నల్లటి మట్టి. ఇది తోమినట్టేనా?

పదకొండు తేదీలు ఇవీ: 1921 మూడు, 1881 ఎస్ రెండు, 1880 ఎస్, 1885 ఓ, 1887, 1896, 1904 ఓ, 1884 ఎస్.

భూతద్దం
తోమినట్టే. అంత అరిగిన వెండి బూడిదరంగులో ఉండాలి. చేతులు మారి వచ్చిన గీతలైతే అన్ని దిక్కులకూ పోతాయి, గుడ్డతో రుద్దినవే ఒకే వాలున ఉంటాయి. నాణేలకు గ్రేడ్ ఇచ్చే సంస్థలు పీసీజీఎస్‌కు గానీ ఎన్‌జీసీకి గానీ పంపితే అసలుదే అంటారు, నాణ్యత అంకె మాత్రం ఇవ్వరు, "డీటెయిల్స్" అని రాసి పంపుతారు. అది పాపమేమీ కాదు. పాత నాణేల్లో తోమినవి బోలెడు. ఫరూక్ రాజు దగ్గరున్నవాటినే మెరవాలని తోమించారు. అయితే ధర ఆ మేరకు తగ్గాలి. ఆయన తగ్గించాడా?

ఇప్పుడు అసలు విషయం. మీ జాబితాలో చివర రాసిన 1884 ఎస్ ఎలా ఉంది?

ఖాళీగడి
బాగానే ఉంది. దాదాపు కొత్తదే. చెవి పైన జుట్టు కొద్దిగా నలిగింది, వెనక గద్ద రొమ్ము మీద ఈకలు కనిపిస్తున్నాయి. దీపం కింద తిప్పితే మెరుపు అంచుల దగ్గర ఇంకా చక్రంలా తిరుగుతుంది. 32 లక్షలు కొట్టారు కదా, అందుకే మామూలుదని రాశా.

భూతద్దం
అక్కడే పప్పులో కాలేశారు. కొట్టిన సంఖ్య చూసి ఈ తేదీని అంచనా వేయకూడదు. 1884 ఎస్ దాదాపు అంతా చలామణీలోకి వెళ్ళిపోయింది. అరిగినవి ఎక్కడైనా దొరుకుతాయి, చవక. అసలు అరగనివి ఈ సిరీస్‌లోని పెద్ద పెద్ద తేదీలతో పోటీపడతాయి. వాటి దరిదాపుల్లో ఉన్న నాణెం కోసం తెలిసినవాళ్ళు కాచుకుని కూర్చుంటారు. మీ ఒకాయన పంతొమ్మిది ఏరుకున్నాడన్నారు. ఆ పద్దెనిమిదీ ఒకదానికి కట్టిన తెర కావచ్చు.

కాసులపేరు
అమ్మో.

అరిగినఅంచు
ఉన్నదిచ్చి ఇంకాస్త మంచిది తెచ్చుకోవడం, ఈ "అప్‌గ్రేడ్" అనే మాటే నాకు మింగుడు పడదు. 1 నుంచి 70 దాకా ఉన్న గ్రేడ్ అంకెలు ఎక్కడివి? 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం పెట్టుకున్నవి. అప్పట్లో అది నాణ్యత కొలతే కాదు, ధర లెక్క కూడా. 70 అంకె నాణెం 1 అంకె దానికి డెబ్బై రెట్లు అని ఆయన ఉద్దేశం. ఆ ధరల పొందిక ఎప్పుడో చెదిరిపోయింది, అంకె మాత్రం మన నెత్తిన కూర్చుంది. 64ని ఇచ్చేసి 65 తెచ్చుకుంటారు. లేబుల్ మూసి చూపిస్తే ఏది ఏదో చెప్పగలిగేవాళ్ళు ఎందరు?

తమాషా ఏమిటంటే ఆ షెల్డన్ గారే నాణేల అధ్యయన సంస్థ అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ట్రేల్లోంచి మంచి సెంట్లు తీసేసి, వాటి స్థానంలో తన నాసిరకంవి పెట్టాడని ఆయన పోయాక తేలింది. కోర్టుల దాకా వెళ్ళింది. చేతిలో పైసా పడకుండా అప్‌గ్రేడ్ అంటే అదీ!

బొమ్మాబొరుసూ
😂 సరే, 1884 ఎస్ విషయంలో నేను మాట వెనక్కి తీసుకుంటున్నా. కళ్ళు మూసుకుని ఇవ్వమన్నది తప్పు. కానీ అసలు వాదన మారలేదు. మిగతా పద్దెనిమిదీ ఇచ్చి, కొంత రొక్కం కలిపి 1893 ఎస్ తెచ్చుకోగలిగితే తెచ్చుకోవాలనే అంటా. తోమినదైనా సరే. తోమని 1893 ఎస్ కోసం ఆగితే మనవళ్ళు ఆల్బమ్ నింపాలి.

పాతడబ్బీ
మనవళ్ళు నింపితే తప్పేముంది? తోమిన నాణెం ఒకటి నా దగ్గరా ఉంది. తెచ్చిన రోజు ఎంత మురిసిపోయానో. ఆ తర్వాత ఆల్బమ్ ఆ పేజీకి వచ్చిన ప్రతిసారీ చూపు నేరుగా ఆ గీతల మీదే పడుతుంది, తేదీ మీద కాదు. ఖాళీ గడి అంత బాధపెట్టదు.

కాసులపేరు
ఇక్కడ పాతడబ్బీ గారితో ఏకీభవించను. ఒకరికి గీతలు కనిపిస్తాయి, ఒకరికి తేదీ. నాకైతే ఆ టీ మీది గీత ఒక్కటి చాలు. కాకపోతే దానికి తోమిన ధరే ఇస్తా, ఒక్క పైసా ఎక్కువివ్వను.

ఖాళీగడి
ఇవాళ మళ్ళీ వెళ్ళా. కాసులపేరు గారు చెప్పిన రెండు ప్రశ్నలూ అడిగా. మొదటిదానికి జవాబు వెంటనే వచ్చింది, తోమని నాణేనికి కట్టే ధర చెప్పాడు. గీతలు చూపిస్తే "పాతవి అలాగే ఉంటాయి" అన్నాడు. రెండోదానికి "మనలో మనకు లెక్కలేమిటి" అని నవ్వాడు.

సరే, పద్దెనిమిదీ ఇస్తాను, పైన రొక్కమూ కలుపుతాను, 1884 ఎస్ మాత్రం ఉంచుకుంటానన్నా. ఆయన కాసేపు నా డబ్బా వంక చూసి, 1893 ఎస్‌ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశాడు. "అది లేకపోతే మిగతావి నాకెందుకయ్యా" అన్నాడు.

ఇంటికొచ్చి నాణేలన్నీ గళ్ళలో పెట్టేశా. 1921 మూడూ, 1881 ఎస్ రెండూ మాత్రం బయటే ఉంచా. ఎవరికైనా కావాలంటే చెప్పండి, రొక్కానికే.