29,331 కోట్ల సంఖ్య: రామానుజన్ లెక్క తప్పారా, ఎత్తిరాతలో పోయిందా?

పెరంబూరు మాస్టారు:
తన కంటే చిన్న సంఖ్యలన్నిటి కంటే ఎక్కువ భాజకాలున్నదాన్ని హైలీ కాంపోజిట్ నంబర్ అంటారు. 12కి ఆరు భాజకాలు, దానికి లోపు దేనికీ ఆరు లేవు. 1915లో లండన్ మేథమేటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో రామానుజన్ ఇలాంటివి 102 పట్టిక వేశారు. మధ్యలో ఒకటి లేదు: 2,93,31,86,25,600. నిన్న ట్యూషన్‌లో ఒక పిల్లాడు "అంతటాయనా తప్పారా సార్?" అన్నాడు. నేనొప్పుకోను. అది ఎత్తిరాతలో ఎగిరిపోయిన వరుస. పట్టికలో చివరిది 67,46,32,83,88,800. 23తో భాగించి చూడండి, సరిగ్గా ఇదే వస్తుంది. కొడుకు పేరు రాసినవాడికి తండ్రి తెలియదా?

వేళచ్చేరి కోడర్:
మాస్టారూ, చివరిదాన్ని చేరడానికి ఇది మెట్టు కానక్కర్లేదు. ఇది 2⁶×3⁴×5²×7²×11×13×17×19. ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 7×5×3×3×2×2×2×2, అంటే 5040 భాజకాలు. దీనికి ముందుది 2,40,94,02,99,600 (భాజకాలు 4800), తర్వాతిది 3,21,25,37,32,800 (5376). ఆ రెండింట్లోనూ 23 ఉంది, 7 ఒక్కసారే. మధ్యలో ఇదొక్కటే 23ని వదిలి రెండో 7 పట్టుకుంది. 23 దాకా వచ్చినవాడికి మళ్లీ వెనక్కి చూడాలని తట్టదు. జారింది లెక్కలోనే.

రాయపురం అమ్మాయి:
ఇంతకంటే చిన్నదానికి 5040 లేవని ఎలా చెప్తున్నారు? 29 వేల కోట్లూ ఒక్కొక్కటే చూశారా?

వేళచ్చేరి కోడర్:
అంత పని లేదండీ. 3 ఘాతాంకం 2 ఘాతాంకం కంటే పెద్దదనుకోండి, రెండూ తారుమారు చేస్తే భాజకాలు అన్నే ఉంటాయి, సంఖ్య తగ్గుతుంది. కాబట్టి ఘాతాంకాలు ముందుకు పోయేకొద్దీ పెరగవు. ఇక 2 నుంచి 31 దాకా ప్రధాన సంఖ్యల్ని గుణిస్తేనే 20 వేల కోట్లు దాటుతుంది, 37 వేస్తే మన హద్దు దాటిపోతుంది. మిగిలినవి ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు పని.

పెరంబూరు మాస్టారు:
ఆయనకి ల్యాప్‌టాప్ లేదు బాబూ. 1912లో మన మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా పద్దులు రాసిన చెయ్యి అది. నీ 23 సంగతి బాగుంది, రాత్రి కాగితం తీసి కూర్చున్నాను. మన సంఖ్యలో సగం చూడు: 1,46,65,93,12,800. 4320 భాజకాలు. అదీ 23 లేనిదే, రెండు 7లున్నదే. దానికి అటూ ఇటూ ఉన్నవాటిలోనూ 23 ఉంది. అచ్చం ఇదే మలుపు, అది మాత్రం పట్టికలో ఉంది. వెనక్కి చూడటం తెలియకపోతే అదెలా దొరికింది?

వేళచ్చేరి కోడర్:
సగం సంగతి నేను చూడలేదు, నిజమే. అయినా ఒకసారి పట్టుకున్నవాడు రెండోసారి వదలడని ఏముంది? రోజూ నా కోడ్‌లో చూస్తున్నదే. ఆయన చేతిరాత ప్రతిలో ఆ వరుస ఉందని ఎవరైనా చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

రాయపురం అమ్మాయి:
ఇద్దరూ ఇంకోటి వదిలేశారు. 5040 కూడా హైలీ కాంపోజిట్ నంబరే, దానికి 60 భాజకాలు. 60 కూడా అంతే!