చెక్క క్యాబిన్‌లో ఎలుకలు: మందు పెట్టకుండా కుదురుతుందా?

కొండగాలి: అడవి అంచున చిన్న చెక్క క్యాబిన్ ఉంది. నెలకోసారి వెళ్తాం, మిగతా రోజులు తాళమే. వెళ్ళిన ప్రతిసారీ పరుపు కొరికి ఉంటుంది, అలమరలో పెంటికలు. ఎలుకల మందు మాత్రం వద్దు. వేరే దారి చెప్పండి.

చిట్టడవి: ముందు కన్నాలు మూయండి. చుంచెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పైపులు గోడలోకి దిగే చోటు, తలుపు కింద, చూరు అంచు చూడండి. ఉత్త ఫోమ్ కొడితే కొరికేస్తాయి. చిన్న కన్నాల్లో స్టీల్ పీచు కుక్కి పైన సిమెంటు మెత్తండి, పెద్దవాటికి సన్నకళ్ళ ఇనుప జాలి. తిండి, సబ్బులు, కొవ్వొత్తులు రేకు డబ్బాల్లోకి. బోన్ల సంగతి ఆ తర్వాతే.

నిజంచెప్తా: 6 మిల్లీమీటర్లా? పెన్సిల్ మందం. అందులోంచి ఎలుక దూరుతుందా?

చిట్టడవి: ఎలుక అనలేదు, చుంచెలుక అన్నాను. పెద్ద ఎలుకకు 12 దాకా కావాలి.

సాయంత్రం: అల్ట్రాసోనిక్ మెషీన్ పెట్టండి, మనకు వినపడని శబ్దం చేస్తుంది, పారిపోతాయి.

చిట్టడవి: పోవు. 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మెషీన్లు చేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు హెచ్చరికలు పంపింది, రుజువు లేకుండా గొప్పలు చెప్పొద్దని.

నిజంచెప్తా: మిల్లీమీటర్ల మాట తేలలేదు. చెక్క ఎండకు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. ప్రతి సందూ 6 లోపు ఉంచడం ఎవరి తరం? నాలుగు మూలలా మందు బిళ్ళలు పడేస్తే పీడ వదులుతుంది.

చిట్టడవి: వదలదు. చాలా బిళ్ళలు రక్తం గడ్డకట్టనివ్వని రకం, చావడానికి రోజులు పడుతుంది. గోడ సందులో చస్తే కంపు, బయట తూలుతూ తిరిగితే గుడ్లగూబకు తిండి, దానికీ విషమే. మా కుక్క ఆ బిళ్ళలు తినే పోయింది. పెట్టిన పక్కింటాయన “కొన్నేగా” అన్నాడు.

నిజంచెప్తా: పాపం. కానీ ఆయన మీద కోపం నా మీద చూపిస్తారేంటి?

చిట్టడవి: మీరూ అదే మాట అంటున్నారు కాబట్టి.

తాపీగా: కొట్టుకోవడం ఆపండి. కొండగాలి గారూ, పెంటికలు పొడిగా ఊడ్వకండి, ఎలుకల నుంచి మనుషులకు సోకే హంటావైరస్ ఉంటే ఆ దుమ్ముతో వస్తుంది. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి చల్లి, 5 నిమిషాలు నానాక గ్లవ్స్ వేసుకుని తుడవండి.

మల్లెతీగ: పట్టి దూరంగా వదిలే బోను పెట్టొచ్చుగా, పాపం.

నిజంచెప్తా: నెలకోసారి వెళ్ళేవాళ్ళా? ఆకలికీ దాహానికీ బోనులోనే చస్తుంది. జిగురు అట్టా అంతే. మందు కన్నా అది దయా? స్ప్రింగ్ బోను నేనూ పెట్టాను. కాలు ఇరుక్కుని గిలగిలలాడుతుంటే చివరికి నేనే చంపాల్సి వచ్చింది. అప్పటినుంచీ మందే. నా కంట పడకూడదు, అంతే.

చిట్టడవి: ఇంతసేపూ మిల్లీమీటర్లని సతాయించింది ఇందుకా! చంపితే చూసే చంపాలంటాను నేను. స్ప్రింగ్ బోను గోడకు అడ్డంగా, ఎర కొస గోడవైపు పెట్టాలి. మనం ఉన్న రాత్రుల్లోనే. పొద్దున్నే చూడాలి.

నిజంచెప్తా: మీరు చూస్తే ఎలుకకు ఒరిగేదేంటి?

చిట్టడవి: సరిగ్గా పడితే క్షణంలో పోతుంది. మీ బిళ్ళకు రోజులు.

కొండగాలి: మా ఆవిడ ఇదంతా చదివి, బోను పెడితే ఎత్తేది నువ్వే అంది. ముందు జాలి, స్టీల్ పీచు కొంటున్నా. పొయ్యి గొట్టం చుట్టూ కూడా పీచే కుక్కనా?

నిజంచెప్తా: అక్కడ వద్దు! సన్నటి స్టీల్ పీచు నిప్పురవ్వకే అంటుకుంటుంది. రేకు పట్టీ వేయించండి. ఈ సంగతి చిట్టడవి గారు మొదటే చెప్పాల్సింది.