మొలాసిస్‌తో లాక్టిక్ ఆమ్లం: లీటరుకి 52 గ్రాముల దగ్గరే ఆగిపోతోంది

ఎంటెక్‌_బయో:
చక్కెర మిల్లు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకం) మీద బాసిల్లస్ కోయాగ్యులాన్స్ అనే బ్యాక్టీరియాని పెంచి లాక్టిక్ ఆమ్లం తీస్తున్నాం. లీటరుకి మొలాసిస్ 200 గ్రాములు (అందులో చక్కెరలు దాదాపు 100), ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, కాల్షియం కార్బొనేట్ 30. 50 డిగ్రీలు, షేకర్ 120 ఆర్‌పీఎం. మొదటి రోజు జోరుగా సాగి, 36 గంటలకి 52 గ్రాముల దగ్గర ఆగుతోంది. పీహెచ్ 4.4. డీఎన్ఎస్ పరీక్షలో (చక్కెరని రంగు మార్పుతో కొలిచేది) మిగిలిన చక్కెర 12 గ్రాములే. మిగతాది ఎటు పోయినట్టు? మొలాసిస్‌లోని లోహాల వల్ల ఆగుతోందా?

సుద్దలెక్క:
లోహాల దాకా వెళ్లక ముందు కార్బొనేట్ లెక్క చూడండి. 100 గ్రాముల కార్బొనేట్ 180 గ్రాముల లాక్టిక్ ఆమ్లాన్ని పట్టుకుని కాల్షియం లాక్టేట్ అనే లవణంగా మారుస్తుంది. మీ 30 గ్రాములకి 54. మీరు ఆగిందీ అక్కడే. లాక్టిక్ ఆమ్లం పీకేఏ (ఆమ్లంలో సగం విడిపోయి ఉండే పీహెచ్) 3.86 కాబట్టి పీహెచ్ 4.4 దగ్గర అయిదో వంతుకు పైగా విడిపోని ఆమ్లంగానే ఉంటుంది. అది కణంలోకి దూరి లోపల ప్రోటాన్‌ని వదులుతుంది, కణం శక్తంతా దాన్ని బయటకి నెట్టడానికే ఖర్చవుతుంది.

90 గ్రాములు రావాలంటే కార్బొనేట్ కచ్చితంగా 50, చేతిలో ఉండేట్టు 55 వేయండి. దాన్ని మీడియంలో (బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో) కలిపి ఆటోక్లేవ్ చేయొద్దు, అంటే ఆవిరి ఒత్తిడిలో క్రిమిరహితం చేయొద్దు. పీహెచ్ పెరిగి చక్కెరలు మాడతాయి. పొడిగా విడిగా 160 డిగ్రీల్లో 2 గంటలు ఉంచి తర్వాత కలపండి. 120 ఆర్‌పీఎంకి అడుగున పేరుకుంటుంది, 180–200 పెట్టండి. ఇంకొకటి: లీటరు ద్రవం నుంచి 13 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మూత బిగించకండి, దూది బిరడా చాలు.

హెచ్‌పీఎల్‌సీ_రాత్రిషిఫ్ట్:
చక్కెర ఎటూ పోలేదు. డీఎన్ఎస్ సుక్రోజ్‌ని చూడదు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లనే చూస్తుంది. శాంపిల్‌కి కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, 70 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి, తటస్థం చేసి మళ్లీ కొలవండి.

ఆమ్లం పెరిగాక ఇంకో తిప్పలు వస్తుంది. చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో కాల్షియం లాక్టేట్ స్ఫటికాలుగా దిగి కణాలతో పాటే పోతుంది, అంకె తగ్గి కనిపిస్తుంది. ముందే గోరువెచ్చని నీళ్లతో 20 రెట్లు పలచన చేయండి. శాంపిల్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం మాత్రం పోయొద్దు, జిప్సం (కాల్షియం సల్ఫేట్) ఏర్పడి హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పదార్థాలని వేరు చేసే గొట్టాన్ని, అంటే కాలమ్‌ని, మూసేస్తుంది.

ఎంటెక్‌_బయో:
చాలా థాంక్సండీ. ఈ ఆమ్లం పీఎల్ఏ (లాక్టిక్ ఆమ్లంతో చేసే) ప్లాస్టిక్‌కి పనికొస్తుందా?

సుద్దలెక్క:
లాక్టిక్ ఆమ్లానికి అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఎల్, డి అనే రెండు రూపాలున్నాయి. అందులో ఎల్ రూపం దాదాపు పూర్తి శుద్ధిగా ఉంటేనే. కోయాగ్యులాన్స్ ఎల్ రూపాన్నే ఇస్తుంది, 50 డిగ్రీల వల్ల కలుషితం కూడా తక్కువ. కానీ ఇనాక్యులమ్‌ని (మొదట వేసే బ్యాక్టీరియా విత్తనాన్ని) 37 డిగ్రీల్లో పెంచితే డి రూపం చేసే లాక్టోబాసిల్లస్‌లు చొరబడతాయి. మామూలు కాలమ్ ఈ రెండిటినీ వేరుగా చూపదు. ఆ రెండు రూపాలని వేరు చేసే కైరల్ కాలమ్ గానీ ఎంజైమ్ కిట్ గానీ వాడండి.

అసలు భారం తర్వాతి దశలో ఉంది. కాల్షియం లాక్టేట్ నుంచి 90 గ్రాముల ఆమ్లాన్ని విడిపించడానికి 49 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం పడుతుంది, 86 గ్రాముల జిప్సం మిగులుతుంది. టన్ను ఆమ్లానికి దాదాపు టన్ను జిప్సం అన్నమాట. వేడిగా ఉండగానే వడకట్టి, జిప్సాన్ని బాగా కడగండి. జిప్సాన్ని సిమెంటులో కలుపుతారు; దానికి చక్కెర అంటుకుని ఉంటే సిమెంటు గట్టిపడడం ఆలస్యమవుతుంది, ఎవరూ తీసుకోరు.