వలస వచ్చినవాళ్లకి బెజవాడ సొంతూరు అవుతుందా?

పెన్నవాసి:
మాది ధర్మవరం దగ్గర పల్లె. 2016 ఆగస్టులో బ్యాంకు ఉద్యోగానికని బెజవాడ బస్టాండులో దిగినప్పుడు కృష్ణా పుష్కరాలు నడుస్తా ఉన్నాయి. చేతిలో సూట్‌కేసు, చుట్టూ తడిబట్టల జనం. ఎటు పోవాలో తెలీక జనంతోపాటే నడిస్తే పద్మావతి ఘాట్ వచ్చింది. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి పెరిగినవాణ్ణి, అన్ని నీళ్లు ఒక్కచోట చూసేసరికి మెట్ల మీద అట్నే కూలబడినాను. రూము వెతుక్కోవడం మరుసటి రోజుకి పోయింది.

మొన్న హైదరాబాదు నుంచి మా పెద్దనాయన కొడుకు ఫోన్ చేసి, "ఇంకా ఆడనే ఉండావా? ఎండకి మాడేదానికి, పునుగులు తినేదానికి తప్ప ఏముందిరా ఆ ఊర్లో? ట్రాన్స్‌ఫర్ పెట్టుకో" అన్నాడు. నాకొచ్చిన కోపానికి నాకే ఆశ్చర్యమేసింది. మా పల్లెని తిట్టినా అంత రోషం రాదు.

ఆదివారం తెల్లారి ఐదున్నరకి ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తాను. 1957లో కట్టింది, 70 గేట్లు. ఒక పక్క నిండు నీళ్లు, ఇంకో పక్క ఇసుక తిన్నె. వేసవిలో ఆ ఇసుకలోనే పిల్లోళ్లు వికెట్లు పాతి క్రికెట్ ఆడతారు. దుర్గా ఘాట్ దగ్గరైతే తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసురుతుంటారు, భక్తులు వేసిన చిల్లర కోసం. ఒకసారి ఒక బుడ్డోడు నాకు విసరడం నేర్పించినాడు. రూపాయి తగిలింది, వాడే తీసుకున్నాడు.

జూన్‌లో కాలువలకి నీళ్లొదిలే రోజు ఇంకా బాగుంటుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యలోంచే కదా పోయేది. ఎండాకాలమంతా ముక్కు మూసుకుని దాటినవే ఒక్క రాత్రిలో ఎర్రనీళ్లతో నిండిపోతాయి. మా వీధి చివర టీ కొట్టాయన ఆ పొద్దు చెంబుడు కాలువ నీళ్లు తెచ్చి కొట్టు ముందు చల్లుతాడు. ఎందుకని అడిగితే, "మా నాన్న చల్లేవాడండి" అన్నాడు.

ఇది నా ఊరే అంటున్నాను. కాదనేవాళ్లుంటే చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు:
అన్నా, బాగానే రాశావు. కానీ నీకు నది అంటే ఆదివారం. మాకు అది పక్కింటి ఆసామి, ఎప్పుడు మంచిగా ఉంటాడో ఎప్పుడు మీదకొస్తాడో తెలీదు. నా చిన్నప్పుడు గేట్లెత్తారని తెలిస్తే మా అమ్మ చేసే మొదటి పని బియ్యం డబ్బా అటకెక్కించడం. రెండోది రేషన్ కార్డు జాకెట్లో పెట్టుకోవడం. మూడు లక్షల 97 వేల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలకి రెండోది. ఈ లెక్కలు మాకు ఎక్కాలకన్నా ముందొచ్చాయి. 2009 అక్టోబరులో 11 లక్షలు దాటింది, మేం స్కూల్లో బెంచీల మీద పడుకున్నాం.

ఇప్పుడు ఒడ్డు వెంట వరద ఆపడానికి గోడ కట్టారు. 2024లో 11 లక్షల 43 వేలొచ్చినా మా వీధి నిలబడిందంటే ఆ గోడ పుణ్యమే, కాదనను. కాకపోతే మా ఇంటి మెట్ల మీంచి ఇప్పుడు నది కనపడదు, గోడే కనపడుద్ది. మా తాత సాయంత్రం కుర్చీ ఎప్పట్లాగే అటు తిప్పి వేసుకుంటాడు, గోడ వైపు.

సొంతూరంటే వరదొస్తే పారిపోవడానికి ఇంకో ఊరు లేనోడిది. నీకు ధర్మవరం ఉంది కదన్నా.

బ్రాడీపేట బాబాయ్:
అబ్బాయ్ పెన్నవాసీ, నువ్వు బ్యారేజీ మీద నడిచి అవతలికొచ్చావనుకో, సీతానగరం. అంటే గుంటూరు జిల్లా. నువ్వు మురిసిపోయే నదిలో సగం మాది. పైగా 2022లో జిల్లాలు విడగొట్టాక మీ బెజవాడ కృష్ణా జిల్లాలోనే లేదు, ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కృష్ణ ఒడ్డున ఉండి కృష్ణా జిల్లా కాకుండా పోయిన ఊరు!

నదీ గిదీ లేకపోయినా మా గుంటూరులో మనిషికి మనిషి పలుకుతాడు. బెజవాడలో అందరూ పనిమీద వచ్చినోళ్లే, జంక్షన్ కదా. రైలు మారినట్టు మనుషులు మారతారు. బెంజి సర్కిల్ కాడ అరగంట నిలబడితే ఊరిమీద ప్రేమంతా దిగిపోద్ది. ఆ కృష్ణమ్మే 2024 సెప్టెంబరులో మీ బెజవాడ సింగ్‌నగర్‌ని ఎట్టా ముంచిందో చూశాంగా.

సత్యనారాయణపురం అక్క:
నాది శ్రీకాకుళం. పదమూడేళ్లుగా ఇక్కడే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పెన్నవాసి గారూ, తెల్లారి ఐదున్నరకి బ్యారేజీ మీద ఒంటరిగా నడిచే సరదా మీకున్నంత తేలిగ్గా నాకు లేదండి. పోనీ సాయంత్రం పిల్లని తీసుకుని ఘాటుకి వెళ్దామా అంటే, మేం వెళ్లే చోట ఆడవాళ్ల టాయిలెట్‌కి ఎప్పుడు చూసినా తాళం. తాళం ఎవరి దగ్గరుంటుందని వాచ్‌మన్‌ని అడిగితే, ఇంకో వాచ్‌మన్ దగ్గరన్నాడు. ఆ ఇంకో వాచ్‌మన్‌ని నేనింతవరకు చూడలేదు.

ఇంకో మాట, ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే అంటాను. అద్దె ఇంటికి వెళ్తే మొదట అడిగేది జీతం కాదు, "మీరేమిట్లు?" అని. మొదటి రెండు నెలల్లో పదకొండు గుమ్మాలు ఎక్కి దిగాను. కొందరు సూటిగా అడిగారు, కొందరు ఇంటిపేరు అడిగి లెక్క కట్టుకున్నారు. సొంతూరు అవుతుందా అని మనం అడగడం సరే, ఊరు కూడా మనల్ని ఏదో అడుగుతుంది కదా.

అలాగని వెళ్లిపోవాలనిపించిందా అంటే లేదు. జనవరి వస్తే పుస్తక ప్రదర్శన ఉంటుంది, 1989 నుంచీ జరుగుతున్నదే. అక్కడ స్టాల్లో నేను "ఏటి, ఇంత రేటా" అనగానే పక్కనున్నావిడ "మీది ఏ ఊరమ్మా, మాది టెక్కలి" అంది. ఇప్పుడు మేం ఐదుగురం శ్రీకాకుళం వాళ్లం నెలకోసారి కలుస్తాం. అంటే బెజవాడలో నాకు దొరికింది శ్రీకాకుళమే. దీన్ని ఎవరి లెక్కలో వేస్తారో వేసుకోండి.

సింగ్‌నగర్ మెకానిక్:
బ్రాడీపేట బాబాయ్, తెలీకపోతే అడగాలి. మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. అది మైలవరం కొండల్లోంచి వచ్చి కొల్లేట్లో కలిసే వాగు. వరదొస్తే వెలగలేరు దగ్గర్నుంచి కాలువలోకి మళ్లించి కృష్ణలో కలపాలి. ఆ కాలువ కట్టకి గండ్లు పడ్డాయి, పైగా ఇటు కృష్ణే నిండా పోటెత్తి ఉంది. ఇంకేముంది, ఊరిమీద పడింది. బ్యారేజీ మీద సెల్ఫీలు దిగేవాళ్లకి అసలు బుడమేరంటూ ఒకటుందని ఆ రోజు దాకా తెలీదు.

సెప్టెంబరు 1, ఆదివారం. మా షెడ్డులో రిపేరుకొచ్చిన బళ్లు తొమ్మిది. పొద్దున చక్రాలు మునిగాయి, మధ్యాహ్నానికి హ్యాండిళ్లు కూడా కనపళ్లా. మేడమీద నాలుగిళ్లవాళ్లం, ఒకే స్టవ్. డ్రోన్‌లో పులిహోర పొట్లం వస్తే మా అమ్మ దానికి దండం పెట్టింది. నీళ్లు తీశాక స్విచ్‌బోర్డు పైన జానెడు ఎత్తున బురద గీత మిగిలింది. మొత్తం సున్నం కొట్టించాం గానీ ఆ గీత మీద మాత్రం వద్దన్నాడు మా నాన్న.

మా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర నీళ్లలో దిగి ప్యాకెట్లు అందించినోళ్లలో ఎవరిది ఏ ఊరో మేం అడగలేదు. పెన్నవాసన్నా, నువ్వా రోజు ఎక్కడున్నావ్? గొడవకి కాదు, ఊరికే అడుగుతున్నా.

పెన్నవాసి:
అడిగినారు కాబట్టి చెప్తాను. ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను, పటమటలో. మా వీధిలో నీళ్లు రాలేదు. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం దాకా బ్యారేజీ దగ్గర వరద వీడియోలు చూస్తా కూర్చున్నాను. సోమవారం మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఆడోళ్లు పులిహోర కలిపితే పొట్లాలు కట్టినాను. మంగళవారం ఆటోలో ఫ్లైఓవర్ దాకా వచ్చి, మోకాలి లోతు నీళ్లు చూసి ఆగిపోయినాను, ఈత రాదు. ట్రాక్టర్లో ఉన్న ఎవరో పొట్లాలు అందుకుని, "నువ్వెళ్లు బాబాయ్, మళ్లీ తీసుకురా" అన్నారు. మళ్లీ రెండుసార్లు తెచ్చినాను. అంతే నేను చేసింది.

కృష్ణలంక తమ్ముడూ, నువ్వన్నది పట్టుకుంది. నాకు పోవడానికి ఇంకో ఊరుంది, నిజమే. కాకపోతే పోయిన సంక్రాంతికి ఊరికి పోతే మా అమ్మ కుళాయి సన్నగా తిప్పి చెంబుతో పట్టిచ్చింది. నేను తెలీకుండానే కుళాయి పూర్తిగా తిప్పి చేతులు కడుక్కుంటా ఉన్నాను. "ఏటిగట్టున పెరిగినోడి మాదిరి ఏం దుబారారా" అని తిట్టింది. ఆ తిట్టుకి లోపల సంతోషమేసింది, సిగ్గూ వేసింది.

అక్కా, గుమ్మాల సంగతికి నా దగ్గర జవాబు లేదు. నాకు రెండో గుమ్మంలోనే ఇల్లు దొరికింది. ఎందుకు దొరికిందో ఇప్పుడు ఆలోచిస్తా ఉన్నాను.

కృష్ణలంక కుర్రోడు:
సర్లే అన్నా. ఈ ఆదివారం నడక అయ్యాక మా ఇంటికి రా. మా తాతకి బ్యారేజీ కట్టడం గుర్తుంది, కూలీకెళ్లేవాడంట వాళ్ల నాన్న. ఆయన మొదలెడితే ఆపడం నీ పని. పునుగులు మా సందు చివర అల్లం చట్నీతో ఇస్తారు, మీ హైదరాబాదు అన్నకి ఫొటో పంపు.

బ్రాడీపేట బాబాయ్:
బుడమేరు సంగతి తప్పే, ఒప్పుకున్నా మెకానిక్ బాబూ. ఆదివారం నేనూ వస్తా, మా ఒడ్డు నుంచి నడుచుకుంటా. మధ్యలో కలుద్దాం. ముప్పై అయిదో గేటు కాడ, ఎవరి జిల్లాలోనూ కాకుండా.

సింగ్‌నగర్ మెకానిక్:
షెడ్డు తొమ్మిదింటికి తెరవాలి. ఏడింటిలోపైతే వస్తా.

సత్యనారాయణపురం అక్క:
ఆ టాయిలెట్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని చెప్పండి, నేనూ పాపా వస్తాం.