ఖాళీ కాగితం మీద బొమ్మ తెప్పించే మ్యాజిక్: ఎవరైనా చేశారా?

చంద్రగిరి టీచరు
అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి పిల్లల చేత స్టేజీ మీద ఒక మ్యాజిక్ చేయించాలి. తెల్ల చార్టు అటూ ఇటూ తిప్పి చూపిస్తారు, ఏమీ ఉండదు. ఒక పాప వచ్చి స్ప్రే కొడితే ఏడుకొండలు, మధ్యలో గోపురం ఎర్రగా రావాలి. పిల్లలు కాబట్టి మంట వద్దు. మొన్న రాత్రి సున్నపు తేటతో గీసి ఆరబెట్టాను. పొద్దున పసుపు నీళ్ళు కొడితే చార్టంతా పచ్చగా అయింది గానీ బొమ్మ రాలేదు, అక్కడక్కడా లేత మరకలు కనబడ్డాయి, అంతే. తప్పు ఎక్కడ? ఏ కాగితం తీసుకోవాలి? ఆఖరి వరుసకు కనబడాలంటే గీత ఎంత లావుండాలి? సీసాలో నీళ్ళు ముందే పచ్చగా కనబడతాయి కదా, జనానికి ఏమని చెప్పాలి? ఇంకా 9 రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

భవానీనగర్ అమ్మ
మంట వద్దన్నారు, చాలా మంచి పని చేశారు సార్. మావాడు ఆరో తరగతిలో నిమ్మరసంతో పేరు రాసి కొవ్వొత్తి మీద పెట్టాడు. మొదటి రెండు అక్షరాలు గోధుమరంగులో వచ్చాయి, మూడోది వచ్చేలోపే కాగితం అంటుకుంది. చేత్తో విదిలిస్తే కర్టెన్ మీద పడింది. వాడి బొటనవేలు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ ప్రాజెక్టు కాగితంలో 'వేడి చేయండి' అని మాత్రమే రాసి పంపారు, ఎలా చేయాలో ఒక్క ముక్క లేదు. తర్వాత నేనే ఇస్తిరి పెట్టెతో చేసి చూశాను. ఆవిరి లేకుండా, కాటన్ దగ్గర పెట్టి, మీద ఒక పల్చని గుడ్డ వేసి నొక్కితే అర నిమిషంలో అక్షరాలన్నీ వచ్చేశాయి. నిమ్మరసం అంటిన చోట కాగితం కన్నా ముందే మాడుతుంది, ఇందులో ఉన్నదంతా అదే. దయచేసి ఎవరూ పిల్లలకు కొవ్వొత్తి ఇవ్వొద్దు.

కొర్లగుంట కుర్రోడు
సార్, సున్నం పనిచేయకపోవడం అనేదే లేదు. మీ పసుపు కల్తీది. ప్యాకెట్ పొడిలో ఏం కలుపుతున్నారో ఎవరికి తెలుసు. కొమ్ములు తెచ్చి దంచి వాడండి. పసుపులో సున్నం పడితే ఎర్రగా అవుతుందని చిన్నపిల్లకి కూడా తెలుసు, ఎర్రనీళ్ళతో దిష్టి తీయని ఇల్లుందా మన వైపు?

ల్యాబ్ కోటు
22 ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. తప్పు పసుపుది కాదు, రాత్రిది. సున్నపు తేట తడిగా ఉన్నంతసేపే గట్టి క్షారం. పల్చగా పూసి రాత్రంతా గాలికి వదిలితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సుద్ద అయిపోతుంది. సుద్దకు పసుపును ఎర్రగా మార్చేంత బలం లేదు. టీచరుగారు చూసిన లేత మరకలు సున్నం కాస్త మందంగా పడిన చోట్లు. తేట మానేసి చాకలి సోడాతో గీయండి. అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాలు. అది ఎన్ని రోజులు ఆరినా క్షారంగానే ఉంటుంది. వంట సోడాతో కూడా వస్తుంది గానీ దాని పీహెచ్ (క్షారం ఎంత గట్టిదో చెప్పే అంకె) 8.3 దగ్గరే, చాకలి సోడాది 11 దాకా పోతుంది, ఎరుపులో తేడా కంటికే తెలుస్తుంది.

కొర్లగుంట కుర్రోడు
రాత్రిది తప్పంట! మా అమ్మమ్మ కుంకుమ ఇంట్లోనే చేసేది. పసుపే, సున్నమే. ఏడాది పాటు భరిణెలో ఎర్రగానే ఉండేది. అది ఎందుకు సుద్ద కాలేదు సార్? పుస్తకాలు చదివిన వాళ్ళకి ఇంట్లో చేసేవి లెక్కలేదు.

ల్యాబ్ కోటు
ఇంట్లో కుంకుమ చేసేవాళ్ళను అడిగి చూడండి. చాలా ఇళ్ళలో పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, వెలిగారం (బోరాక్స్), పటిక కలిపి నానబెట్టి, ఎండబెట్టి దంచుతారు. పసుపు, వెలిగారం, పులుపు కలిసినప్పుడు వచ్చే ఎరుపు వేరే పదార్థం, అందుకే అది నిలుస్తుంది. సున్నంతో వచ్చే ఎరుపు నిలవదు. నేను ఎవరి అమ్మమ్మనూ తక్కువ చేయలేదు. ఆమెకు తెలిసింది మీరు సగమే గుర్తుపెట్టుకున్నారని అంటున్నాను.

కొర్లగుంట కుర్రోడు
మా ఇంట్లో ఏం వేశారో మీరు చెబుతారా నాకు?

కాళహస్తి కలం
ఇద్దరూ రవ్వంత తగ్గండి. బొమ్మ కనబడకుండా వేసి తర్వాత తెప్పించడం గారడీ అనుకుంటున్నారేమో, మా కాళహస్తిలో అది మాకు రోజూ పని. కలంకారీకి ముందు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన దాంట్లో తడిపి ఆరబెడతాం. పాలలో జిడ్డు ఉంటుంది కాబట్టి రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే కసిం తయారవుతుంది. అది కలంలో ఉన్నప్పుడు మురికినీళ్ళలాగే ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిందంటే చాలు నల్లబడుతుంది. ఎరుపు ఇంకా వింత. పటిక నీళ్ళతో బొమ్మ నింపుతాం, ఆరితే దాదాపు ఏమీ కనబడదు. ఒక రోజు ఉంచి, పారే నీళ్ళలో జాడించి, ఎరుపునిచ్చే మొక్క వేర్లతో మరిగిస్తే పటిక పెట్టిన చోటే ఎర్రగా పట్టుకుంటుంది. మొదటిసారి మా నాన్న పక్కన నిలబడి ఆ బాన నుంచి గుడ్డ పైకి తీయడం చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఖాళీగా లోపలికి వెళ్ళిన గుడ్డ మీద దశావతారాలు. ఇప్పటికీ గుడ్డ పైకి తీస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

టీచరుగారూ, మీకు నలుపు చాలనుకుంటే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) పల్చగా నీళ్ళలో కలిపి గీయండి, మీద కరక్కాయ కషాయం స్ప్రే కొట్టండి. కరక్కాయ లేకపోతే పాలు పోయని టీ డికాక్షన్ అయినా చాలు. కానీ అన్నభేదితో గీసింది ఒకటి రెండు రోజులకే తుప్పు రంగుకు తిరుగుతుంది, బొమ్మ ముందే బయటపడుతుంది. ఆరోజు పొద్దునే గీసుకోవాలి.

పలమనేరు పెన్ను
కనబడకుండా పోయి మళ్ళీ వచ్చేది అంటే నా కథ వినాలి. రుద్దితే చెరిగిపోయే జెల్ పెన్నులు వస్తాయి కదా, రాత బాగుందని ఒకటి కొని దాంతో 14 కాగితాల మీద సంతకాలు పెట్టి ఫైలు కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. మే నెల. మధ్యాహ్నం వచ్చి చూస్తే ఒక్క సంతకం లేదు! ఆ సిరా 60 డిగ్రీల వేడికి రంగు పోయేలా చేసిందట, రుద్దినప్పుడు పుట్టే వేడితోనే అది చెరిగేది. ఎండలో మూసిన కారులో డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులువుగా అందుకుంటుంది. ఆఫీసులో నన్ను దొంగను చూసినట్టు చూశారు. చివరికి ఎవరో చెబితే కాగితాలు కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో ఉంచాను. రాత్రికి అన్నీ తిరిగి వచ్చాయి, కాస్త వెలిసినట్టు. చెక్కుల మీద, అప్లికేషన్ల మీద ఆ పెన్ను వాడకండి, చేతులెత్తి దండం పెడుతున్నా.

చిత్తూరు గారడీ
31 ఏళ్ళుగా చిత్తూరు, పుంగనూరు, కుప్పం వైపు పుట్టినరోజులకీ స్కూలు ఫంక్షన్లకీ మ్యాజిక్ చేస్తున్నా. ఇక్కడ అందరూ మందుల అంగడి కబుర్లు చెబుతున్నారు. మ్యాజిక్ సీసాలో లేదు, మాటలో ఉంది, చేతిలో ఉంది. స్ప్రే కొడితే రంగొస్తే జనం ఏమనుకుంటారు? 'ఏదో కెమికల్' అనుకుంటారు, అయిపోయింది. అదే ఖాళీ పుస్తకం పేజీలు గలగలా తిప్పి చూపించి, మూసి, మళ్ళీ తిప్పితే బొమ్మలు, ఇంకోసారి తిప్పితే రంగులు. దానికి కెమికల్ అక్కర్లేదు.

కొర్లగుంట కుర్రోడు
ఆ పుస్తకం నా దగ్గర కూడా ఉంది. పేజీల అంచుల్ని ఒక వరుసలో మెట్లుగా కత్తిరించి ఉంటారు, బొటనవేలు పైన పెట్టి తిప్పితే ఒక రకం పేజీలే కనబడతాయి, కింద పెట్టి తిప్పితే ఇంకో రకం. జాతరలో కొన్నాను.

చిత్తూరు గారడీ
ఎవరడిగారు నిన్ను? ఆ పుస్తకంతో పొట్ట పోసుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా? వాళ్ళ కూటిలో మన్ను కొట్టినట్టే ఇది. చూసేవాళ్ళకు రహస్యం చెప్పకూడదని మా గురువు చేతిలో చెయ్యి వేయించుకుని ప్రమాణం చేయించాడు.

ల్యాబ్ కోటు
అన్నా, మీ కోపం అర్థమైంది. కానీ టీచరు చేసేది సైన్స్ డే. 1928లో అదే రోజున రామన్ తన ఎఫెక్ట్‌ను కనుక్కున్నారని 1987 నుంచి దేశమంతా జరుపుకుంటున్న రోజు. ఆ రోజు రహస్యం దాస్తే ఇంకెప్పుడు చెబుతాం? ఇదే పసుపు, సోడాతో కాగితం మీద అక్షరాలు తెప్పించి 'దేవుడు నీ పేరు రాశాడు' అని డబ్బు గుంజే బాబాలు ఉన్నారు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి ఇలాంటివే చేసి చూపించి, ఎలా చేశారో అక్కడే విప్పి చెబుతారు.

చిత్తూరు గారడీ
బాబాలతో నన్ను కలపొద్దు. నేను టికెట్ పెట్టి 'ఇది గారడీ' అని చెప్పి చేస్తా. మోసం చేసేవాడు వేరు, మురిపించేవాడు వేరు.

భవానీనగర్ అమ్మ
అన్న చెప్పింది నిజమే. మెజీషియన్ పట్టాభిరాం గారు కూడా ఇది ట్రిక్కే, మహిమ కాదని చెప్పి చేసేవారు, అయినా మేం నోరు తెరుచుకుని చూసేవాళ్ళం.

చంద్రగిరి టీచరు
చాకలి సోడా దొరికింది, రేపు చూస్తాను. మిగతా ప్రశ్నలు ఎవరూ పట్టించుకోలేదు. కాగితం? గీత లావు? స్ప్రే బదులు వేపమండలతో చల్లించమని మా హెచ్ఎం గారంటున్నారు, గంగమ్మ జాతర లాగా నిండుగా ఉంటుందని.

ల్యాబ్ కోటు
వేపమండలు వద్దు. పెద్ద పెద్ద బొట్లు పడి కిందికి కారతాయి, సోడా కరిగి గోపురం కొండల మీదికి జారుతుంది. శానిటైజర్ స్ప్రే సీసా కడిగి వాడండి, అడుగు దూరం నుంచి మంచు పడ్డట్టు కొట్టాలి. పసుపును నీళ్ళలో కాదు, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో కలపండి. పసుపు రంగు నీళ్ళలో సరిగ్గా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. రాత్రంతా ఉంచి గుడ్డలో రెండుసార్లు వడకట్టకపోతే స్ప్రే సీసా ముక్కు మూసుకుపోతుంది. స్పిరిట్ మండుతుంది కాబట్టి స్టేజీ మీద దీపారాధన అయ్యాక దీపం పక్కకు తీయించాకే సీసా బయటికి రావాలి. ఇది మర్చిపోవద్దు. కాగితం మందపు చార్టు అయితే చాలు. కొన్ని కాగితాలు తయారీలోనే కాస్త క్షారంగా ఉంటాయి, ముందు మూల మీద ఒక చుక్క వేసి చూసుకోండి. ల్యాబుల్లో క్షారాన్ని గుర్తుపట్టడానికి వాడే ఫినాఫ్తలీన్ ఉంటే సీసా పచ్చగా కనబడే గొడవే లేదు, అది నీళ్ళలా ఉండి సోడా మీద గులాబీ రంగు ఇస్తుంది. కానీ పిల్లల చేత దాన్ని గాల్లోకి స్ప్రే కొట్టించడం నాకు ఇష్టం లేదు.

చిత్తూరు గారడీ
సరే, పిల్లల కోసం చెబుతున్నా. గీత రెండు వేళ్ళ లావు. చిన్న చిన్న మెట్లు, కిటికీలు పెట్టొద్దు, ఏడు వంపులు, ఒక గోపురం, అంతే. సోడా ఆరాక చార్టు ముడతలు పడుతుంది, పక్క వెలుతురులో ఆ ముడతలే బొమ్మను పట్టిస్తాయి. వెనక వైపు నుంచి ఇస్తిరి చేయి, లైటు ఎదురుగా పెట్టించు. పచ్చనీళ్ళను దాచొద్దు, దాచితేనే అనుమానం. పాపతో ఇట్లా చెప్పించు: 'పండగకు ఇల్లు కడిగి పసుపునీళ్ళు చల్లుతాం కదా, ఇప్పుడు ఈ కాగితానికి పండగ.' సీసా మీద ఉన్న అనుమానం ఆ ఒక్క మాటతో పోతుంది. కింద ఎడమ మూల నుంచి మొదలుపెట్టించి గోపురం ఆఖరున రప్పించు. మొదటే గోపురం వస్తే తర్వాత చూడటానికి ఏముంటుంది?

కొర్లగుంట కుర్రోడు
నిన్న రెండు కాగితాలు చేసి చూశా. తేటతో గీసి తడి ఉండగానే పసుపు కొడితే రక్తం రంగు వచ్చింది. రాత్రంతా ఆరబెట్టింది రాలేదు. లెక్చరర్ గారు చెప్పిందే కరెక్టు. అమ్మని అడిగితే అమ్మమ్మ కుంకుమలో వెలిగారం వేసేదంట. కానీ ప్యాకెట్ పసుపు కల్తీ గురించి నేను చెప్పింది మాత్రం తప్పు కాదు.

పలమనేరు పెన్ను
వెలిగారం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మా ఊళ్ళో మూడు అంగళ్ళలో అడిగినా లేదన్నారు.

కాళహస్తి కలం
వనమూలికలు అమ్మేచోట అడగండి. కరక్కాయ, పటిక కూడా అక్కడే దొరుకుతాయి.

చంద్రగిరి టీచరు
అయిపోయింది! పాప చెయ్యి వణికి మొదటి రెండు స్ప్రేలు గాల్లోకి పోయాయి. మూడోది ఎడమ మూల కొండకు తగిలింది. ముందు పసుపు పరుచుకుంది, ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత దాని లోపల నుంచి ఎర్రటి వంపు లేచింది. నాలుగో కొండ దగ్గర హాలు నిశ్శబ్దమైపోయింది. గోపురం రాగానే వెనక వరుస మగపిల్లలు 'గోవిందా' అని అరిచారు, ఆ అరుపుకు పాప సీసా వదిలేసింది. దీపం పక్కకు తీయించాను సార్, మీరు చెప్పినట్టే.

గారడీ అన్నా, మీ మాట ఒకటి పాటించలేదు. ఆఖర్న రహస్యం చెప్పేశాను. చెప్పాక పిల్లలు వెళ్ళిపోతారనుకున్నాను, ఇద్దరు తప్ప ఎవరూ కదల్లేదు, సోడా గిన్నె చుట్టూ మూగారు.

చిత్తూరు గారడీ
నీ స్టేజీ, నీ పిల్లలు. పాపకు నా ఆశీర్వాదం చెప్పు. చెయ్యి వణికినా గోపురం దాకా తెప్పించిందంటే ఆ పిల్లకు స్టేజీ పడుతుంది.

చంద్రగిరి టీచరు
చెప్పాను అన్నా. చార్టు ల్యాబ్ గోడకు తగిలించాం, ఎరుపు కాస్త ఇటుక రంగుకు దిగింది. ఎనిమిదో తరగతి వాళ్ళు దాని మీద నిమ్మరసం కొడితే కొండలు మాయమవుతాయా అని అడుగుతున్నారు. సోమవారం ఒక మూలన కొట్టించి చూస్తాం.